స్టడీ హాల్‌కి డబ్బులు కట్టాలా?

ప్రశ్న: మా అమ్మాయి హైదరాబాద్‌లో డిగ్రీ రెండో సంవత్సరం, హాస్టల్లో ఉంటుంది. కాలేజీలో లైబ్రరీ ఉంది, ఆదివారాలు చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీకీ వెళ్తుంది. ఇప్పుడు అశోక్‌నగర్‌లో ప్రైవేటు స్టడీ హాల్లో చేరతానంటోంది, గ్రూప్స్‌కి చదువుతుందట. మూడింటిలో ఏది మంచిది? వీడియో కాల్ చేస్తే ‘లైబ్రరీలో ఉన్నా’ అని కట్ చేస్తోంది. అక్కడ నిజంగా చదువుతారా? – ఓ తండ్రి, సూర్యాపేట

జవాబు: మీరు ముందు అడిగింది ఏది మంచిదని. నిద్ర పట్టనివ్వనిది మాత్రం చివరి ప్రశ్న. దాంతోనే మొదలుపెడతాను.

చదువుతారండీ. కాకపోతే ఆరు గంటలు కూర్చుంటే ఆరు గంటలూ చదవరు. మధ్యలో టీకి వెళ్తారు, ఫోన్ చూస్తారు, మధ్యాహ్నం బల్ల మీద తల వాల్చి కునుకు తీస్తారు. ఇంట్లో చదివినా ఇంతే, కాకపోతే మీ కళ్ల ముందు ఉంటారు. చిక్కడపల్లిలో చూడండి, చాలామంది అక్కడి పుస్తకాలు ముట్టుకోరు. సొంత పుస్తకాలు, టిఫిన్ డబ్బా, నీళ్ల బాటిల్ తెచ్చుకుంటారు. పొద్దున్నే సంచి పెట్టి సీటు పట్టుకుంటారు. హాస్టల్ గదిలో ఒకరు లైటు తీసెయ్యమంటారు, ఇంకొకరు అర్ధరాత్రి దాకా ఫోన్లో మాట్లాడతారు. చుట్టూ నలుగురు తలొంచుకుని చదువుతుంటే మనకీ చదవబుద్ధేస్తుంది. మీ అమ్మాయి అడుగుతున్నదీ అదే.

వీడియో కాల్ సంగతి. గట్టిగా దగ్గినా తలలు తిప్పి చూసే చోట మీకు ముఖం చూపించి మాట్లాడాలా? ఆమె కట్ చెయ్యడమే మర్యాద. మీకు కావాల్సింది హాజరు పట్టీలా ఉంది. ఇరవై ఏళ్ల పిల్లని హైదరాబాద్‌ పంపేటప్పుడు ఉన్న నమ్మకం లైబ్రరీ గుమ్మం దగ్గర ఎందుకు పోయింది?

నా అనుమానం అమ్మాయి మీద కాదు, ఈ కొత్త ఫ్యాషన్ మీద. డిగ్రీలో చేరగానే గ్రూప్స్ అని స్టడీ హాల్లో సీటు, ఏసీ, వైఫై, కుర్చీకి నెలవారీ అద్దె. గ్రూప్-2కి డిగ్రీ పాసవ్వాలి, ఆమెకి ఇప్పుడు దరఖాస్తు చెయ్యడానికి కూడా వీల్లేదు. పైగా తెలంగాణలో 783 పోస్టుల గ్రూప్-2 నోటిఫికేషన్ 2022 డిసెంబరులో వస్తే, పరీక్ష జరిగింది 2024 డిసెంబరులో. ఆ రెండేళ్లూ అద్దె కట్టినవాళ్లు నాకు తెలుసు. సీటుకి డబ్బు కట్టాం కాబట్టి చదివేస్తున్నాం అనిపిస్తుంది, అదే అసలు ప్రమాదం. సాయంత్రం అలసట నిజమే, చదివింది ఎంతో లెక్క ఉండదు. ఈలోగా సెమిస్టర్‌లో సబ్జెక్టులు మిగిలిపోతాయి. అలా డిగ్రీ పట్టా ఆలస్యమై నోటిఫికేషనే పోగొట్టుకున్న పిల్లల్ని చూశాను.

ఇక పోలిక. కాలేజీ లైబ్రరీ సాయంత్రానికే మూసేస్తారు, చాలాచోట్ల సొంత పుస్తకాలు లోపలికి రానివ్వరు. అయినా సెమిస్టర్‌కి కావాల్సిన పాత ప్రశ్నపత్రాలు దొరికేది అక్కడే. చాలా డిగ్రీ కాలేజీలకు ఎన్-లిస్ట్ (కాలేజీ పిల్లల కోసం ఉన్న ఆన్‌లైన్ లైబ్రరీ) లాగిన్ ఉంటుంది, వేల ఈ-పుస్తకాలు ఉచితం. లైబ్రేరియన్‌ని అడగమనండి, అడిగే పిల్లలే తక్కువ. ప్రభుత్వ లైబ్రరీకి మీరు ఇప్పటికే కడుతున్నారు, ఇంటి పన్ను రసీదు తీసి చూడండి, రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. అక్కడ సీటు దొరకడమే కష్టం. స్టడీ హాల్లో సీటు ఖాయం, రాత్రి పొద్దుపోయేదాకా తెరిచి ఉంటుంది, అంతకుమించి ఏమీ లేదు.

వద్దని మొండికెయ్యకండి. సెమిస్టర్ పరీక్షల ముందు ఒక్క నెలకి కట్టండి. హాస్టల్‌కి నడిచి వెళ్లేంత దూరంలో ఉందా, రాత్రి ఎన్నింటికి మూస్తారు, ఆడపిల్లలకి వేరే బాత్రూం ఉందా, ఇవి మీరే వెళ్లి చూసుకోండి. మూడు నెలలకి కలిపి కడితే తగ్గిస్తామంటారు, ఒప్పుకోవద్దు.