రోగుల ఇంటికి వెళ్లి ఏం మాట్లాడాలి?

మంచం పట్టినవాళ్లను, ఇల్లు కదలలేనివాళ్లను చూసిరావడానికి మీ చర్చిలో వాలంటీర్‌గా రమ్మంటున్నారని, అక్కడికెళ్లి ఏం మాట్లాడాలో తెలియక టెన్షన్‌గా ఉందని అడిగారు. గుంటూరులో మా సంఘం తరఫున తొమ్మిదేళ్లుగా ఈ పని చేస్తున్నాను. మాటల గురించి బెంగ వద్దండీ, మీ మాటల కోసం అక్కడ ఎవరూ ఎదురుచూడరు.

మొదట్లో నేనూ బైబిల్ వాక్యం వెతుక్కుని, ప్రార్థన బట్టీ పట్టి వెళ్లేదాన్ని. పక్షవాతంతో కుడివైపు పడిపోయి, మాట కూడా పోయిన ఒక రిటైర్డ్ టీచరమ్మగారి ఇంటికి ప్రతి శుక్రవారం వెళ్లేవాళ్లం. ఒకరోజు పది నిమిషాలు ప్రార్థన చేసి ఆమెన్ అని కళ్లు తెరిచేసరికి, చాప మీద కూర్చున్న కోడలు గోడకు తల ఆనించి నిద్రపోతోంది, ఒళ్లో రాగిజావ గిన్నె, చేతిలో స్పూను అలాగే ఉన్నాయి. లేపబోయాను. టీచరమ్మగారు ఎడమ చెయ్యెత్తి వద్దన్నట్టు ఊపి, పెదాల మీద వేలు పెట్టుకున్నారు.

రెండు గంటలకోసారి పక్కకు తిప్పకపోతే పడక పుళ్లు వస్తాయని డాక్టరు చెప్పారట, రాత్రుళ్లు కూడా అలారం పెట్టుకుని ఆ పిల్ల ఒక్కతే తిప్పుతోందని నాకు తర్వాత తెలిసింది. అన్ని వారాలు వెళ్లి ఒక్కసారి కూడా అడగలేదు నేను. ఆ రోజు గిన్నె మెల్లగా తీసి పక్కన పెట్టి, టీచరమ్మగారికి తల దువ్వి, గోళ్లు తీసి, మధ్యాహ్నం దాకా చప్పుడు చేయకుండా కూర్చున్నాను. కోడలు లేచి "అయ్యో అక్కా, ఇంతసేపు పడుకున్నానా" అని కంగారుపడి, ఏడ్చేసింది.

అందుకే ముందు ఆ చూసుకునే మనిషిని పలకరించండి. "నేను కూర్చుంటాను, నువ్వెళ్లి స్నానం చేసి రా అమ్మా" అంటే ఎంత ప్రార్థనో అది.

ఫోన్ చేసి, ఒక్కరో ఇద్దరో వెళ్లండి. పాస్టరు అయ్యగారు ప్రభురాత్రి భోజనం, అంటే ప్రార్థన చేసిన రొట్టె, ద్రాక్షరసం ఇవ్వడానికి వస్తే మింగగలుగుతున్నారా అని ఇంట్లోవాళ్లను ముందే అడగండి, పక్షవాతం వచ్చినవాళ్లకు పొలమారితే ప్రమాదం.

కుగ్లర్ డాక్టరమ్మ 1883లో అమెరికా నుంచి వచ్చి ఆడవాళ్లకు వైద్యం చేసిన ఊరండీ మాది. ఇళ్లకు వెళ్లి ఆడవాళ్లకు బైబిల్ చదివి వినిపించే బైబిల్ స్త్రీలు ఎండలో ఇల్లిల్లూ నడిచి తిరిగేవారని మా అమ్మమ్మ చెప్పేది. ఇప్పుడు పదిమంది వెళ్లి మంచం చుట్టూ నిలబడి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడుతున్నారు, నైటీలో, జుట్టు చెదిరి పడుకున్న మనిషిని ఊరందరికీ చూపించడమేమిటి? విశ్వాసం చాలక జబ్బు తగ్గలేదనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండిపోతుంది.

ఇంకోటి. మా చర్చికి గ్రానైట్ వేశారు, ఏసీలు పెట్టారు, ఏడు మెట్ల పక్కన ర్యాంపు మాత్రం కట్టలేదు. అది ఉంటే, ఇల్లు కదలలేరని మనం అనుకుంటున్న వాళ్లలో సగంమంది ఆదివారం వీల్‌చైర్‌లో వచ్చేస్తారని నా గట్టి నమ్మకం. కమిటీలో రెండుసార్లు అడిగాను, వచ్చే మీటింగులో మళ్లీ అడుగుతాను.