తంగేడు వెయ్యి నాన్నా

చిరంజీవి చిన్నాకు తాతయ్య ఆశీస్సులు.

ఇంటి ముందున్న ఆ రాళ్ల నేలలో ఏం వేయాలని అడిగావు. తంగేడు వెయ్యి. ఎండాకాలంలోనూ పచ్చగా ఉంటుంది, ఏడాదిలో చాలా నెలలు పూస్తుంది. 2014లో తెలంగాణ దీన్ని రాష్ట్ర పుష్పంగా ఎంచుకుంది. బతుకమ్మ పేర్చడానికి పూలు ఇంట్లోనే ఉంటాయి.

మొక్క పీకి తెచ్చి మాత్రం నాటకు. ఆ తప్పు నేను చేశాను. గుట్ట పక్కన మోకాలెత్తు మొక్కలు తవ్వి తెచ్చి నాటితే వారంలో అన్నీ ఎండిపోయాయి. దాని తల్లివేరు లోతుకు పోతుంది, తెగితే కోలుకోదు. అందుకే గింజే నాటాలి. గింజ పెంకు గట్టిది. మరిగించి దించిన నీళ్లలో వేసి రాత్రంతా నానబెట్టు. పొద్దున ఉబ్బినవి ఏరి, తొలకరి పడ్డాక అరంగుళం లోతులో, మూడు నాలుగు అడుగుల ఎడంగా పెట్టు. నీళ్లు నిలిచే చోట వద్దు. మొదటి వేసవి దాటేదాకా అప్పుడప్పుడు తడి ఇస్తే చాలు.

పూత మొదలయ్యాక ఒక పొద్దున పువ్వు దగ్గర నిలబడి చూడు. అందులో తేనె ఉండదు, ఉన్నదంతా పుప్పొడే. అదీ చివర సన్నటి రంధ్రమున్న తిత్తుల్లో దాగి ఉంటుంది. నల్ల తుమ్మెద వచ్చి పువ్వును కరుచుకుని ఒళ్లంతా వణికిస్తుంది. ఎగిరేటప్పటి ఝుంకారం ఒక్కసారి సన్నగా, పదునుగా మారుతుంది. ఆ అదురుకు పుప్పొడి చిమ్మి దాని పొట్టకు అంటుకుంటుంది. తేనెటీగలకు ఆ విద్య రాదు. తుమ్మెద ఎండిన కర్రను తొలిచి గూడు కట్టుకుంటుంది కాబట్టి పెరట్లో ఒక పాత దుంగ ఉండనివ్వు.

లేత ఆకుల మీద బియ్యపు నూక లాంటి తెల్లటి గుడ్లు నిలబెట్టినట్టు కనిపిస్తే కంగారుపడకు. లేతరంగు వలస సీతాకోకచిలుక పెట్టినవి అవి. వాటిలోంచి వచ్చే పచ్చటి గొంగళి పురుగులు ఆకు కొరికేస్తాయి, కొమ్మలు బోసిపోతాయి. నీకు టెన్షన్ వస్తుంది, పురుగుమందు కొట్టాలనిపిస్తుంది. కొట్టకు నాన్నా. చెట్టు మళ్లీ చిగురిస్తుంది. ఆ పురుగుల్లో కొన్నింటిని పిట్టలు పిల్లల నోటికి అందిస్తాయి, మిగిలినవి రెక్కలు కట్టుకుని ఎగిరిపోతాయి.

గుప్పెడు గింజలు పొట్లం కట్టి పెట్టాను. తొలకరికి ముందే వచ్చి తీసుకెళ్లు.

మీ తాతయ్య