ప్యాకెట్ విప్పానని పది రోజులుగా మాటల్లేవు

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. ఆన్‌లైన్‌లో హీ-మ్యాన్ అనే కార్టూన్ వీరుడి పాత బొమ్మలు కొని బీరువా నింపేశారు. మొన్న మా చెల్లి కొడుకు ఏడుస్తుంటే ఒక ప్యాకెట్ విప్పి ఇచ్చాను. అప్పటినుంచి నాతో మాటల్లేవు. అంతకుముందే క్రెడిట్ కార్డు బిల్లులో ఒక్క బొమ్మకు 18 వేలు కనిపించాయి. నాకేమో పదిహేను వందలే అన్నారు. ఈ వయసులో ఇదేం పిచ్చి?

జవాబు: ముందు మీకు కోపం తెప్పించే మాటే చెబుతానమ్మా. ఆ ప్యాకెట్ అడగకుండా విప్పడం మీ తప్పే. ఈ బొమ్మలను అమెరికా బొమ్మల కంపెనీ మాటెల్ 1982లో తెచ్చింది. మరుసటి ఏడాది కార్టూన్ వచ్చింది. ఆ రోజుల్లో మన దేశంలో పిల్లలు దాన్ని దూరదర్శన్‌లో చూశారు, లియో కంపెనీ ఇక్కడే తయారుచేసిన బొమ్మల కోసం ఇంట్లో మారాం చేశారు. నడుం పక్కకు తిప్పి వదిలితే గిర్రున వెనక్కి వచ్చి గుద్దు గుద్దే బొమ్మ అది. కాళ్లను లోపల ఓ రబ్బరు పట్టి ఉంచుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది సాగిపోయి కాళ్లు వేలాడతాయి. ఇక సీలు కూడా విప్పని పాత బొమ్మ దొరకడం అరుదు, అందుకే అంత ధర. మీరు విప్పింది ఆయన లెక్కలో అట్టముక్క కాదు.

పదిహేను వందల అబద్ధం మాత్రం పూర్తిగా ఆయన ఖాతాలోదే. నన్నడిగితే మీ ఇంట్లో అసలు గొడవ అదే, బొమ్మలు కాదు. సిగరెట్టో పేకాటో అయితే ఇంతకన్నా తేలిగ్గా తిట్టి ఊరుకునేవారేమో!

ఈ రెండూ ఒకేరోజు మాట్లాడకండి. మొదట క్షమాపణ చెప్పండి, 'కానీ మీరు కూడా' అని తోక తగిలించకుండా. చిన్నప్పుడు వీటిలో ఏది కొనిపెట్టమని ఏడ్చారో అడగండి. ఎవరో ఒకరు అడిగితే చాలామంది మగవాళ్లు ఇలాంటివి గంటసేపు చెబుతారు. రెండు మూడు రోజులాగి బిల్లు ముందు పెట్టండి. నెలకింత అని ఇద్దరూ ఒప్పుకున్న మొత్తం, అదీ జీతం డబ్బుతోనే, కార్డు మీద కాదు. అంతకుమించినది కావాలంటే తన దగ్గర రెండేసి ఉన్నవాటిలో ఒకటి అమ్ముకోవాలి. కొన్న ధర దాచకూడదు. ఇంటి ఈఎంఐ, పిల్లల ఫీజు కట్టాకే ఈ లెక్క మొదలవుతుంది. కార్డు బాకీ ఇంకా ఉంటే అది తీరేదాకా కొత్తది కొనకూడదు.

ఇంకో సంగతి. చెల్లి ఇంటినుంచి ఆ బొమ్మను, దాని కత్తిని, వెనకాల అట్టను తెప్పించి ఆయనకివ్వండి. పిల్లాడికి బజార్లో ఇంకో బొమ్మ కొనండి, వాడి పెదనాన్ననూ షాపుకి వెంటపెట్టుకెళ్లండి.