పొట్ట మీద చారలకు లేజర్... చామనఛాయ వాళ్లకు పనిచేస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 29 ఏళ్లు. రెండో కాన్పయి ఏడాదిన్నర దాటింది. పొట్ట మీద చారలు మొదట్లో వంకాయ రంగులో ఉండేవి, ఇప్పుడు తెల్లబడ్డాయి. మా ఆడపడుచు అమెరికాలో ఉంటుంది, వాళ్ల ఆఫీసులో ఓ తెల్లావిడకు లేజర్‌తో బాగా తగ్గాయట. నేను చామనఛాయ. ఇక్కడ క్లినిక్‌లో ఆరు సిట్టింగుల డబ్బు ముందే కట్టేస్తే తగ్గింపు ఇస్తామంటున్నారు. కట్టెయ్యనా?
– ఓ సోదరి, గుంటూరు

జవాబు: ఆగమ్మా, డబ్బు కట్టకు. ఆవిడ చర్మం వేరు, బహుశా చారల రంగు, మెషీన్ కూడా వేరే అయ్యుంటాయి.

చార ఎర్రగా ఉన్నప్పుడు అందులో సన్నని రక్తనాళాలుంటాయి. పల్స్‌డ్ డై లేజర్ వాటిలో రక్తానికి ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్‌ని పట్టుకుని పనిచేస్తుంది, కానీ ఆ కాంతిని మన చర్మానికి రంగునిచ్చే మెలనిన్ కూడా పీల్చుకుంటుంది, అందుకే తెల్లవాళ్లకు హాయిగా పనిచేసే డోసు మనకు పైపొర మీదే కాలి మచ్చ పడేలా చేయొచ్చు. నీ చారలు ఎలాగూ తెల్లబడ్డాయి కాబట్టి ఆ లేజర్‌తో నీకు పని లేదు.

చర్మం ఎండకు కమిలిపోతుందా, నల్లబడుతుందా అని చూసి రకాలుగా విడగొట్టే పద్ధతి ఒకటుంది, 1975లో ఫిట్జ్‌పాట్రిక్ అనే హార్వర్డ్ డాక్టర్ పెట్టాడు. మొదట అది తెల్లవాళ్ల కోసమే, గోధుమ, నలుపు రంగులు తర్వాత చేర్చారు. ఇప్పుడు తెలుపు నుంచి నలుపు దాకా ఆరు రకాలు, మనవాళ్లు ఎక్కువమంది నాలుగు, ఐదుల్లో వస్తారు.

తెల్ల చారలకు వాడేవి ఫ్రాక్షనల్ లేజర్లు, అంటే చర్మాన్ని మొత్తంగా కాకుండా చుక్కలు చుక్కలుగా తాకేవి. వాటిలో 1540, 1550 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నవి మెలనిన్‌ని కాకుండా చర్మంలోని నీటిని వేడి చేస్తాయి, చర్మానికి పట్టునిచ్చే కొల్లాజెన్ కొత్తగా పుడుతుంది. అలాగని భయం లేదనుకోకు. ఆ వేడికే మన చర్మం రెచ్చిపోయి, రెండు మూడు వారాలకు జల్లెడ అచ్చు గుద్దినట్టు చుక్కలు చుక్కలుగా నల్లబడొచ్చు. చాలావరకు పోతుంది, కాకపోతే నెలలు పడుతుంది, ఈలోపు నువ్వు పడే టెన్షన్ వేరు. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌తో ఈ ముప్పు ఇంకా ఎక్కువ. నన్నడిగితే నీ రంగుకు మైక్రోనీడ్లింగ్ రేడియోఫ్రీక్వెన్సీ గురించి ముందు అడుగు, అందులో కాంతి ఉండదు, సన్నని సూదుల ద్వారా రేడియో తరంగాల వేడి లోపలికే వెళ్తుంది.

క్లినిక్‌కి వెళ్లి మెషీన్ పేరేంటో, మనలాంటి రంగు వాళ్లకు ఎంతమందికి చేశారో అడుగు. పొట్ట కింది భాగంలో చిన్న చోట టెస్ట్ చేయించుకుని ఆరు వారాలు ఆగు. అందుకు ఒప్పుకోకపోతే లేచి వచ్చెయ్. అంతా బాగా కుదిరినా గరుకు తగ్గి చార సన్నబడుతుంది తప్ప పూర్తిగా మాయం కాదు, రంగు కలవడం మరీ కష్టం.

ప్రశ్న: సర్, తామరకు మెడికల్ షాపులో ఇచ్చిన క్రీమ్ మూడు నెలలు రాశాను. గజ్జల్లో వేలెడంత వెడల్పున ఎర్ర చారలొచ్చాయి. లేజర్ చేయించుకోవచ్చా?
– ఓ విద్యార్థి, వరంగల్

జవాబు: ఆ ట్యూబ్ మీద క్లోబెటసాల్, బీటామెథసోన్ లాంటి పేరుందేమో చూడు బాబూ. అవి స్టెరాయిడ్లు, చర్మాన్ని పల్చన చేసి చారలు తెప్పిస్తాయి, తామర మాత్రం లోపల్లోపల పాకుతూనే ఉంటుంది. ఇవాళే ఆపి, ఆ ట్యూబ్ పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లు. తామర పూర్తిగా తగ్గేదాకా లేజర్ ఊసెత్తకు.