గుండె జబ్బుల జన్యువుల మీద పని మొదలుపెడుతున్న మా అమ్మాయికి

అమ్మాయీ,

పుట్టుకతో వచ్చే గుండె జబ్బుల మీద జన్యు పరిశోధన మొదలుపెడుతున్నానని, సీక్వెన్సింగ్ (జన్యువుల్లోని అక్షరాలను వరసగా చదవడం) సంగతులు చెప్పమని రాశావు. అవి నాకంటే నీ ఈడువాళ్లకే బాగా తెలుసు. నేను చెప్పగలిగింది రక్తం తీయడానికి ముందు జరగాల్సిన పని గురించి. పిల్లాణ్ణి, వాడి ఇంటివాళ్లను సరిగ్గా చూడకపోతే, ఆ రక్తంలోంచి ఎంత డేటా వచ్చినా చేతులు నలుపుకుంటూ కూర్చోవాల్సిందే.

పుట్టే ప్రతి వెయ్యిమందిలో 8 నుంచి 10 మందికి గుండెలో ఏదో ఒక లోపం ఉంటుంది. అన్నీ వంశంలోంచి వచ్చినవి కావు. 1941లో నార్మన్ గ్రెగ్ అనే ఆస్ట్రేలియా కంటి డాక్టరు, ఇంతమంది పసిపిల్లలకు శుక్లాలేమిటని ఆరా తీస్తే, తల్లులకు గర్భం తొలినాళ్లలో రుబెల్లా వచ్చిందని తేలింది. ఆ పిల్లల్లో చాలామందికి గుండె లోపమూ ఉంది. అందుకని తల్లికి గర్భం రాకముందే షుగరుందా, మూర్ఛకు మందులు వాడిందా, ఒంటిమీద దద్దుర్లతో జ్వరం వచ్చిందా అన్న ప్రశ్నలు నీ ఫారం మొదటి పేజీలోనే ఉండాలి.

తర్వాత మూడు తరాల వంశవృక్షం. దాన్ని నువ్వే కూర్చుని గీయి, ఇంకొకరికి అప్పగించకు. "మీ ఇంట్లో ఎవరికైనా గుండె జబ్బుందా" అనడిగితే "అబ్బే, ఎవరికీ లేదండీ" అంటారు. అబద్ధం కాదు, వాళ్లు దాన్ని గుండె జబ్బనుకోలేదు, అంతే. విడివిడిగా అడుగు. చిన్నతనంలోనే పోయినవాళ్లున్నారా? ఎవరికైనా కడుపులు నిలవలేదా? నడుస్తూ నడుస్తూ కుప్పకూలినవాళ్లు? బాగా ఈత వచ్చి కూడా నీళ్లలో పోయినవాళ్లు? ఈ చివరిదానికి అవునంటే లాంగ్ క్యూటీ, అంటే గుండె లయ హఠాత్తుగా తప్పే వంశపారంపర్య జబ్బు, నీకు వెంటనే తట్టాలి. ఫిట్స్ అని ఏళ్ల తరబడి మందులు మింగినవాళ్లలోనూ అది దాక్కుని ఉంటుంది. ఇలా అడుగుతూ పోతే ఒకచోట తల్లి ఆగి, పక్కనున్న అమ్మమ్మ వైపు చూస్తుంది. అక్కడ నువ్వు ప్రశ్న మార్చకు. అమ్మమ్మ చెప్పేదాకా ఊరుకో.

ఇక చేతులు చూడు. గుండె పై గదుల మధ్య చిల్లున్న బిడ్డ అనుకో. బొటనవేలు మిగతా వేళ్లలా మూడు కణుపులతో ఉందేమో, అసలు లేదేమో చూడు. తర్వాత తండ్రినీ తల్లినీ చేతులు చాపమను. గుండెకూ చేతులకూ కలిపి లోపం వచ్చే హోల్ట్ ఓరమ్ సిండ్రోమ్ అయితే ఒక్కోసారి వాళ్లలో ఒకరికి పైకేమీ కనిపించదు, ఎక్స్‌రే తీస్తే మణికట్టు ఎముకల్లో తేడా బయటపడుతుంది. దానికి కారణమైన టీబీఎక్స్5 జన్యువు 1997లో దొరికింది. ఆ మరుసటి ఏడే ఎన్‌కేఎక్స్2-5 అనే ఇంకో జన్యువు దొరికింది. అందులో మార్పున్న కుటుంబాల్లో చిల్లుతో పాటు గుండెలో కరెంటు నడిచే దారిలో అడ్డు ఉండేది. చిల్లు మూసేశాం కదా అని వదిలేస్తే ఆ అడ్డు తర్వాత ముదరవచ్చు. అందుకని తల్లిదండ్రులకు ఎకో (గుండె స్కాన్) ఒక్కటే చాలదు, ఈసీజీ కూడా తీయించు. అంగిలి చీలిక, కాల్షియం తగ్గుదల, ఊరికే ఇన్‌ఫెక్షన్లు ఉంటే ముందు 22వ క్రోమోజోములో ముక్క పోయిందేమో చూడు. పెద్ద పరీక్షలకు తర్వాత పోవచ్చు.

పిల్లల గుండె డాక్టరు హెలెన్ టాసిగ్‌కు వినికిడి పోయింది, పిల్లల ఛాతీ మీద చేతులు పెట్టి గుండెను తెలుసుకునేది. గుండె లోపంతో రక్తంలో ఆక్సిజన్ చాలక నీలం బారిన పిల్లల గురించి ఆమెకు వచ్చిన ఆలోచనే 1944లో జాన్స్ హాప్కిన్స్‌లో ఆపరేషన్ అయింది. కోసింది సర్జన్ బ్లేలాక్. కుక్కల మీద చేసి చేసి ఆ పద్ధతిని పట్టుకున్నది ల్యాబులో పనిచేసే వివియన్ థామస్. థామస్ పేరు ఆ ఆపరేషన్ గురించి అచ్చైన పేపర్లో లేదు. మీ ల్యాబులో శాంపిళ్లతో అర్ధరాత్రి దాకా కుస్తీపట్టేవాళ్ల పేర్లు నీ పేపర్లో ఉండేలా ఇప్పుడే మాట్లాడుకో. చివర్లో ఎవరికీ గుర్తుండదు.

ఇక రిపోర్టు. 2015 నుంచి జన్యువుల్లో దొరికే మార్పులను, జబ్బు తెచ్చేవా కావా అన్నదాన్ని బట్టి, ఐదు తరగతులుగా విడదీస్తున్నాం. నిన్ను ఏడిపించేది మధ్యలో ఉండే "అర్థం తేలని" తరగతి. దాన్ని చూపించి ఎవరికీ చికిత్స మార్చకు, పెళ్లి, గర్భం గురించి సలహా ఇవ్వకు. మన దక్షిణాసియా వాళ్లలో సుమారు 4 శాతం మందికి ఎంవైబీపీసీ3 జన్యువులో 25 అక్షరాలు లేవని, దానికీ గుండె కండర జబ్బుకూ సంబంధముందని 2009లో తేలింది. తర్వాతి పరిశోధనలో, అదే జన్యువులో మరో మార్పు కూడా తోడైనవాళ్లలోనే జబ్బు లక్షణాలు ఎక్కువని కనిపించింది. అందుకని ఒక మార్పు ఐరోపావాళ్ల డేటాబేసులో అరుదుగా ఉన్నంత మాత్రాన మనవాళ్లలో కూడా అరుదని అనుకోవద్దు.

తల్లీ తండ్రీ బిడ్డా ముగ్గురి రక్తం కలిపి పరీక్ష చేసేటప్పుడు తండ్రి వేరని బయటపడే వీలుంది. అది తెలిస్తే ఏం చేస్తావో, ఏం చెప్పవో సమ్మతి పత్రం మీద సంతకం పెట్టించే ముందే తేల్చుకో, ఆ కాగితంలోనూ రాయి. మార్పు ఎవరి వైపు నుంచి వచ్చిందో బంధువులందరి ముందూ నోరు జారకు. బిడ్డలో కొత్తగా పుట్టిన మార్పయితే ఆ మాట తల్లికి రెండుసార్లు చెప్పు. ఆమె అప్పటికే తప్పంతా తనదేనని తిట్టుకుంటూ ఉంటుంది. అయితే తర్వాత పుట్టే బిడ్డకు రానే రాదని మాత్రం అనకు. మార్పు తల్లి అండాల్లోనో తండ్రి వీర్యకణాల్లోనో దాగి ఉండే అవకాశం కొద్దిగా ఉంటుంది.

ఈరోజు అర్థం తేలనిది నాలుగేళ్లకు తేలవచ్చు. అప్పుడు ఆ ఇంటివాళ్లను వెతికి పట్టుకోవాలి. ఫోను నంబర్లు మారిపోతాయి, ఇళ్లు మారతారు. ఫారంలో ఇంకో ఇద్దరు బంధువుల నంబర్లకు చోటు పెట్టు, మళ్లీ పిలవమంటారా వద్దంటారా అన్న గడి కూడా.

ఆశీస్సులతో,
పెద్దమ్మ