చలిలో వాకింగ్‌కు వెళ్తే ఛాతీ పట్టేస్తోంది.. మానేయాలా?

ప్రశ్న: నా వయసు 57. ఆదిలాబాద్‌లో ఉంటాం. బీపీకి మాత్రలు వాడుతున్నాను, షుగర్ లేదు. రోజూ తెల్లవారుజామున ఐదింటికే వాకింగ్‌కు వెళ్లడం అలవాటు. ఈ చలికాలం మొదలయ్యాక, నడక మొదలుపెట్టిన కాసేపటికే ఛాతీ మధ్యలో పట్టేసినట్టు అవుతోంది. నెమ్మదిస్తే తగ్గిపోతుంది, ఆ తర్వాత గంట నడిచినా ఏమీ ఉండదు. చలి వల్లే అని ఇంట్లో అంటున్నారు. ఆస్తమా ఉన్న మా ఆవిడ కూడా నాతో వస్తానంటోంది. చలికాలం పోయేదాకా నడక ఆపేయమంటారా? - ఓ పాఠకుడు

జవాబు: నడక సంగతి తర్వాత, ముందు ఛాతీ సంగతి చూద్దాం. మొదట్లో పట్టేసి, ఆ తర్వాత ఎంత నడిచినా రాకపోవడంతో చాలామంది గ్యాస్ అనో, చలి అనో సరిపెట్టుకుంటారు. నాకు మాత్రం అనుమానం వచ్చేది అక్కడే. గుండె రక్తనాళాల్లో పూడిక ఉన్న కొందరికి ఆంజైనా (గుండె కండరానికి రక్తం చాలక వచ్చే నొప్పి) అచ్చం ఇలాగే వచ్చి సర్దుకుంటుంది. నొప్పి తగ్గిందంటే పూడిక లేదని కాదు.

చలిగాలి తగిలితే ఒంట్లో వేడి బయటికి పోకుండా చర్మం కింది రక్తనాళాలు ముడుచుకుంటాయి. దాంతో బీపీ పెరిగి గుండెకు పని ఎక్కువవుతుంది. అసలే ఉదయం వేళ బీపీ సహజంగా పెరిగే సమయం, దానికి తోడు వేగంగా నడక. అంటే మీ ఇంట్లోవాళ్ల మాట సగం నిజం. నొప్పిని బయటపెట్టింది చలే, కానీ అసలు కారణం వేరే ఉండొచ్చు.

ఒకటి రెండు రోజుల్లోనే కార్డియాలజిస్ట్‌ను, దొరక్కపోతే జనరల్ ఫిజీషియన్‌ను కలవండి. పడుకోబెట్టి తీసిన ఈసీజీ నార్మల్‌గా వచ్చిందని ఊరుకోవద్దు. మీకు నొప్పి వచ్చేది నడిచినప్పుడు కదా! నడిస్తేనే వస్తోందని డాక్టర్‌కు స్పష్టంగా చెప్పండి. ఎకో (గుండె స్కానింగ్), ట్రెడ్‌మిల్ టెస్ట్ (నడిపిస్తూ తీసే ఈసీజీ) వంటివి ఏవి కావాలో ఆయన చూసుకుంటారు. అప్పటిదాకా వాకింగ్ ఆపండి. ఈలోపు ఊరికే కూర్చున్నప్పుడు నొప్పి వచ్చినా, వచ్చింది తగ్గకపోయినా, చెమటలు పట్టినా, చేతికో దవడకో లాగినా వెంటనే 108కి ఫోన్ చేయండి. బండి మీరే నడుపుకుంటూ ఆస్పత్రికి వెళ్లొద్దు.

డాక్టర్ సరేనన్నాక మళ్లీ మొదలుపెట్టొచ్చు, చలికాలమంతా ఆపనక్కర్లేదు. ఐదింటి పట్టు మాత్రం వదిలేయండి. డిసెంబర్, జనవరిల్లో మీ ఊళ్లో తెల్లవారుజాము ఉష్ణోగ్రత పది డిగ్రీల లోపుకు పడిపోవడం మామూలే. ఎండ వచ్చాక ఏడున్నరకో ఎనిమిదికో వెళ్లినా, సాయంత్రం వెళ్లినా నడక ఫలితం ఎక్కడికీ పోదు. పొగమంచు ఉన్న రోజు ఇంట్లోనే నడవండి. ఆ వేళల్లో గాలి కదలక బండ్ల పొగ, చలిమంటల పొగ నేల దగ్గరే పేరుకుంటాయి. టైర్లు, ప్లాస్టిక్ వేసిన మంట చుట్టూ కబుర్లు చెప్పుకోవడానికైతే అసలు బయటికి రాకపోవడమే మేలు.

గడప దాటే ముందు ఇంట్లోనే పది నిమిషాలు నెమ్మదిగా నడిచి ఒళ్లు వేడెక్కనివ్వండి. ఒక్క మందపాటి స్వెటర్ కంటే రెండు మూడు పలచటి పొరలు నయం, వేడెక్కితే ఒకటి తీసేయొచ్చు. చెవులు కప్పుకోండి. చెమటకు తడిసిన బనియన్‌ను ఇంటికి రాగానే మార్చుకోండి. దాహం వేయకపోయినా నీళ్లు తాగండి. చలికాలంలో కొందరికి బీపీ పెరుగుతుంది కాబట్టి వారానికి రెండు మూడుసార్లు, ఐదు నిమిషాలు ప్రశాంతంగా కూర్చున్నాక చూసుకుని రాసిపెట్టండి. మాత్ర డోసు మాత్రం సొంతంగా మార్చొద్దు.

మీ శ్రీమతికి ఆస్తమా అదుపులో ఉంటే రావచ్చు. చల్లటి పొడిగాలికి శ్వాసనాళాలు బిగుసుకుంటాయి కాబట్టి ముక్కు, నోరు కప్పేలా మఫ్లర్ కట్టుకోవాలి. నడకకు ముందు ఇన్‌హేలర్ వాడాలా అన్నది ఆమె డాక్టర్‌ను అడగండి. వాడమంటే సాధారణంగా 15 నిమిషాల ముందు తీసుకోవాలి. ఎలాగైనా రిలీవర్ ఇన్‌హేలర్ (ఆయాసం వచ్చినప్పుడు వెంటనే ఉపశమనం ఇచ్చేది) వెంట ఉండాల్సిందే. పిల్లికూతలు మొదలైతే నడక అక్కడే ఆపి దాన్ని వాడాలి. అయినా ఆయాసం తగ్గకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లండి.