క్యోటో నుంచి ఇంటికి తేవాలంటే ఏ యాత్సుహాషి మంచిది?

వచ్చే నెల జపాన్‌లోని క్యోటో వెళ్తున్నామనీ, ఇంట్లో శాకాహారులైన పెద్దవాళ్లు కూడా తినగలిగే అక్కడి మిఠాయి ఏదైనా చెప్పమనీ మీరు అడిగారు. ఒసాకాలో ఉద్యోగం చేసిన రోజుల్లో సెలవుకు వచ్చినప్పుడల్లా నేను తెచ్చినది యాత్సుహాషి. అయితే అందులో ఏ రకం తేవాలో ఒకసారి చేతులు కాల్చుకున్నాక గానీ నాకు తెలిసిరాలేదు.

పాత రకం కాల్చినది. బియ్యప్పిండి, పంచదార, దాల్చినచెక్క పొడి కలిపి ఆవిరిపై ఉడికించి, పలుచగా ఒత్తి, ఇంటి పెంకులా వంపు వచ్చేటట్లు కాలుస్తారు. ఆ వంపు కోతో అనే తంత్రీవాద్యాన్ని పోలి ఉంటుందనీ, ఆ వాద్యంలో పేరుపొందిన అంధ విద్వాంసుడు యాత్సుహాషి కెంగ్యో (1614–1685) మీదుగానే మిఠాయికి ఆ పేరు వచ్చిందనీ చెబుతారు. రెండవది 'నామా', అంటే పచ్చిది. ఉడికించిన అదే పిండిని కాల్చకుండా చదరపు ముక్కలుగా కోసి, తీపి అజుకి (చిన్న ఎర్ర చిక్కుడు జాతి) గింజల ముద్దను పెట్టి త్రికోణంగా మడుస్తారు. నోట్లో పెట్టుకుంటే అచ్చం మన పూర్ణం కుడుమే, కాకపోతే దాల్చినచెక్క ఘాటు వల్ల "కుడుములో బిర్యానీ వాసనేమిటిరా" అని మా అమ్మ ఆశ్చర్యపోయింది.

నేను పొరపాటు చేసింది ఈ రెండవ రకంతోనే. గడువు ఇంకా నాలుగు రోజులుంది కదా అనే ధీమాతో రెండు పెట్టెలు విజయవాడ తెచ్చి, ఎండకు పాడవుతాయని ఫ్రిజ్‌లో పెట్టించాను. మరునాటికి రాత్రి మిగిలిన అన్నం మెతుకుల్లా బిరుసెక్కి, మడత విప్పబోతే అంచుల దగ్గర పెళుసుగా విరిగిపోయాయి. కాబట్టి నామాను కియోమిజు గుడికి వెళ్లే ఎగువదారిలోని దుకాణాల్లో అక్కడికక్కడే తినండి. ఇంటికి మాత్రం నెలల తరబడి నిల్వ ఉండే కాల్చిన రకమే తీసుకోండి.

సాధారణ రకాల్లో పైన చెప్పిన దినుసులే ఉంటాయి, కొన్నింటిపై వేయించిన సోయా పిండి చల్లుతారు. చాక్లెట్, కస్టర్డ్ వంటి కొత్త రుచులు కొనేటప్పుడు మాత్రం 'తమాగో' అంటే గుడ్డు, 'జెరాచిన్' అంటే జంతువుల నుంచి తీసే జెలటిన్ ఉన్నాయేమో దుకాణంలో తప్పక అడగండి. గడువు తేదీలో సంవత్సరం ముందు, రోజు చివర ఉంటాయి. కాల్చినది బాగా గట్టిగా ఉంటుందని పెద్దవాళ్లకు ముందే చెప్పి ఇవ్వండి. మా నాన్నమ్మ దానిని టీలో ముంచుకునే తినేది.